తెర మీద సుద్దగీతలు

జూన్ 2, సోమవారం

డాక్టరుగారు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నలభై ఏడేళ్ళ వయసులో నాకు డైరీ ఏమిటి, విడ్డూరం కాకపోతే.

ఒక గళ్ళ కాగితం ఇచ్చారు. అరచెయ్యంత ఉంటుంది. నిలువు గీతలు, అడ్డగీతలు, నడిమధ్య ఒక నల్లచుక్క. రోజూ పొద్దున్నే కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో ఆ చుక్కనే చూడాలట. చుట్టూ ఉన్న గీతలు తిన్నగా ఉన్నాయా, వంకరపోయాయా అన్నది రాసిపెట్టుకోవాలట. "ఉన్నది ఉన్నట్టు రాయండమ్మా. మీరు రాసినదాన్ని బట్టే నేను నిర్ణయం తీసుకోవాలి" అన్నారు.

ఎడమ కంటి వెనక పొర ఉబ్బిందట. నెలకొకటి చొప్పున మూడు సూదులు. మొదటిది ఇవాళ అయింది. కుడి కన్ను సంగతి చెప్పనే అక్కర్లేదు, అది పుట్టు బద్ధకస్తురాలు. "గుడ్డి కన్నా మెల్ల మేలని దాన్ని ఇన్నాళ్ళూ ఏమీ అనలేదండీ" అన్నాను. డాక్టరుగారు నవ్వలేదు. "మీకున్న మంచి కన్ను ఈ ఎడమదే" అన్నారు.

ఇరవై రెండేళ్ళుగా గళ్ళూ గీతలూ వేసుకుని బతుకుతున్నదానికి గళ్ళ కాగితమే మందు. నర్సమ్మేమో, దాంతోపాటు రోజుకో మంచి విషయం కూడా రాసుకోండి, మనసు కుదుటపడుతుంది అంది. సరే, అదీ రాస్తాను. నా సొమ్మేం పోయింది.

గళ్ళు: తిన్నగానే ఉన్నాయి. చుక్కకి ఎడమ పక్క కొంచెం అటూ ఇటూగా ఉంది. కాగితం మడత పడింది, దానివల్ల.

మంచి విషయం: డాక్టరుగారి చెయ్యి. సూది దిగింది కూడా తెలియలేదు. ఆ చేతికి వెయ్యి దండాలు.

జూన్ 3, మంగళవారం

మా ఆఫీసు పెద్దమేడమ్ ఫోన్. ఇరవై నాలుగు టెక్స్చర్లు కావాలి, ఈ నెల ముప్పైకల్లా. చెక్క, గోడ, ఇసుక, కాగితం, రాయి, గుడ్డ. ఒక పెద్ద పార్టీ తన వెబ్‌సైట్లన్నిటికీ కొత్త బ్యాక్‌గ్రౌండులు వేయిస్తోందట. "నచ్చితే ఏడాదంతా పని మనకే. చెయ్యలేనంటే ఇప్పుడే చెప్పండి, బయటికి ఇచ్చేస్తాను. ఒకసారి బయటికి పోయిందంటే ఇక మన దగ్గర ఈ పనే ఉండదు, మీకు తెలుసుగా" అన్నారు.

తెలుసు. ఒకప్పుడు ఈ పని చేసేవాళ్ళం అయిదుగురం. ఇప్పుడు నేనొక్కదాన్నే. పని పోతే కుర్చీ కూడా పోతుంది.

కంటి సంగతి చెప్పలేదు. చెప్పాల్సినంత ఏముంది, కాస్త వాపు.

గళ్ళు: తిన్నగా.

మంచి విషయం: "మీరైతే కళ్ళు మూసుకుని చేసేస్తారు" అన్నారు మేడమ్. ఆ నమ్మకానికి రుణపడి ఉన్నాను. మాట మాత్రం కొంచెం గుచ్చుకుంది.

జూన్ 5, గురువారం

కంట్లో వేసుకునే చుక్కల సీసాలు మూడు. మూడూ ఒకే సైజు, ఒకే తెలుపు. వాటి మీది అక్షరాలు చీమల బారు. రెండు రోజులు తిట్టుకుంటూ వేసుకున్నాను. ఇవాళ చూద్దును కదా, ఒక సీసా మెడకి ఎర్రదారం, ఇంకోదానికి పచ్చదారం, మూడోదానికి ఏమీ లేదు. ఎర్రది పొద్దున, పచ్చది మధ్యాహ్నం, బోసిది సాయంత్రం. ముడి ఎంత ముచ్చటగా ఉందంటే దారం కొస ఎక్కడుందో కనపడలేదు.

ఆయనకి ఇంత బుర్ర ఉందని పెళ్ళైన పాతికేళ్ళకి తెలిసింది. లిఫ్టులు బాగుచేసే చేతులు దారపు ముడి కూడా వేస్తాయన్నమాట. "థాంక్సండీ" అన్నాను. "ఊఁ? ఆఁ ఆఁ" అంటూ బూట్లు కట్టుకుని వెళ్ళిపోయారు. సిగ్గు కాబోలు.

మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా కళ్ళు మూసుకుని పడుకోవాలని ఆజ్ఞ. చెక్క టెక్స్చరు పూర్తిచేసి, తెర నిండా పరిచి, అలాగే వదిలేసి పడుకున్నాను. లేచేసరికి తెర మీద తెల్లటి మరక. కుడివైపు కింద, అంచుకి రెండు వేళ్ళ ఎత్తున, గీసినట్టుగా. తుడిచేశాను. అత్తయ్య కుట్టుమిషను ఈ గదిలోకి వచ్చిన దగ్గర్నుంచి అన్నీ పీచూ దుమ్మే.

గళ్ళు: తిన్నగా.

మంచి విషయం: మా ఆయన. ఎర్రదారం.

జూన్ 6, శుక్రవారం

గళ్ళు: తిన్నగా. మంచి విషయం: చెక్క పంపేశాను.

జూన్ 9, సోమవారం

అత్తయ్య గురించి ఒక్కసారి రాసేస్తాను. కడుపులో పెట్టుకుంటే బీపీ.

మార్చిలో ఆవిడ షాపు ఉన్న భవనం పడగొట్టారు. ముప్పై ఏడేళ్ళు నడిపిన బట్టల కుట్టుషాపు. మిషనూ, కత్తెర్లూ, దారాల డబ్బాలూ తెచ్చుకుని మా ఇంటికి వచ్చేసింది. ఉన్నవి రెండు గదులు. నా కంప్యూటరు బల్లకి ఎదురుగా ఆవిడ మిషను. వచ్చిన రెండో రోజే వెనకాల నుంచుంది.

"ఏం చేస్తావు అమ్మాయ్, రోజంతా దీంట్లో?"

"వెబ్‌సైట్లలో అక్షరాల వెనకాల ఉంటుంది చూడండి, గోడలాగా, గుడ్డలాగా, అది నేను చేస్తాను అత్తయ్యా. చిన్న ముక్క చేస్తాను. ఆ ముక్కనే పక్కపక్కన పేర్చుకుంటూ పోతే తెరంతా నిండుతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య అతుకు కనపడకూడదు."

"దాన్ని ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడకూడదు. ఎవరి కంటైనా పడిందంటే నేను తప్పు చేసినట్టే."

"ఎవరూ చూడనిదానికి జీతమెందుకిస్తారమ్మా?"

దానికి నేనూ నవ్వాను. అప్పటిదాకా బాగానే ఉంది. మర్నాడు పెద్దమేడమ్ వీడియో కాల్‌లో ఉన్నారు, నేను నా పని చూపిస్తున్నాను. వెనకాల నుంచి గట్టిగా, "అమ్మాయ్, అదిగో అక్కడ అతుకు కనపడుతోంది" అంది. మేడమ్ విన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కాల్ అయ్యాక తిరిగి, "తెలీని విషయాల్లో వేలు పెట్టకండి అత్తయ్యా" అన్నాను. అనకూడదు, అన్నాను. ఆవిడ వెళ్ళి మిషను తొక్కుకుంది.

అప్పట్నుంచి మా మధ్య "టీ", "తాళం", "వర్షం". అంతే మాటలు. పోనీ, ప్రశాంతంగా ఉంది.

అక్కడ అతుకు లేదు. నాకేం కనపడలేదు.

గళ్ళు: తిన్నగా.

మంచి విషయం: ఎవరో కిటికీ తెర మార్చారు. మధ్యాహ్నం ఎండ ఇదివరకట్లా కళ్ళలోకి కొట్టడం లేదు. ఆయనే అయ్యుంటారు. ఈమధ్య మనిషి బొత్తిగా మారిపోయారు.

జూన్ 11, బుధవారం

గోడ టెక్స్చరు. సున్నం వేసిన పాత గోడ, అక్కడక్కడా పెచ్చులు. మంచి గోడ. పడుకుని లేచేసరికి తెర మీద మళ్ళీ మరకలు, ఈసారి రెండు. ఒకటి పైన సరిగ్గా మధ్యలో, ఇంకోటి తిన్నగా దాని కింద జానెడు దూరంలో. తుడిచాను. గుడ్డకి తెల్లగా పొడి అంటింది.

ఆయనతో చెప్పాను, మిషను హాల్లో పెట్టించమని. "హాల్లో వెలుతురు లేదుగా, అమ్మ ఎలా కుడుతుంది?" అన్నారు. నా కళ్ళు ఏమైనా ఫరవాలేదు కాబోలు. ఈ మాట అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

గళ్ళు: తిన్నగానే అనాలి.

మంచి విషయం: మధ్యాహ్నం మిషను చప్పుడు ఆగింది. ఆ గంటన్నరా మొద్దునిద్ర పట్టింది.

జూన్ 13, శుక్రవారం

ఇసుక. లేచేసరికి తెర మీద ఎడమవైపు ఏదో ఒక సున్నా. చిన్న నాణెం అంత. గుండ్రటి దుమ్ము ఎక్కడైనా పడుతుందా? విసుగొచ్చి ముఖం కడుక్కునే తువ్వాలుతో తుడిచాను.

ఎనిమిది టెక్స్చర్లు పంపేశాను. మూడో వంతు పని అయిపోయింది.

గళ్ళు: ఇవాళ చూడలేదు. రోజూ ఒకటే కదా.

మంచి విషయం: ఎనిమిది.

జూన్ 16, సోమవారం

జల్లెడ ఫోన్ చేశాడు. మా ఆఫీసులో పనంతా చివర్న చూసి వదిలేది వీడే. రాయి కాదు కదా, నలుసు కూడా దాటనివ్వడు, అందుకే ఆ పేరు.

"అక్కా, ఏమనుకోకు. ఎనిమిదిలో అయిదు వెనక్కి పంపుతున్నా."

"ఎందుకురా?"

"అతుకులు కనపడుతున్నాయక్కా."

ఇరవై రెండేళ్ళలో ఈ మాట నాతో ఎవరూ అనలేదు. ఒకళ్ళు తప్ప. నీ తెర పాడైందేమో చూసుకో అన్నాను. మూడు తెరల మీద చూశానక్కా అన్నాడు. నా తెరే పాతదైపోయి ఉంటుందన్నాను. అదంతా వింటూ భోజనం చేస్తున్న మా ఆయన, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుందే" అన్నారు. కంచం అక్కడే వదిలేసి లేచి వచ్చేశాను. నవ్వుతూనే అన్నారు. నాకే నవ్వు రాలేదు.

అత్తయ్య తలెత్తి చూసింది.

మంచి విషయం:

జూన్ 17, మంగళవారం

గళ్ళు: తిన్నగా. తిన్నగా. తిన్నగా.

జూన్ 18, బుధవారం

అతుకు పట్టుకోవడానికి మాకొక పద్ధతి ఉంది. ముక్కని సగానికి జరుపుతాం. అప్పుడు అంచులు మధ్యకి వస్తాయి. కుడి అంచూ ఎడమ అంచూ కలిసేది కళ్ళ ముందుకి వస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళకి అది ఇట్టే తెలిసిపోతుంది.

ఇవాళ గోడని జరిపి చూశాను. అతుకు ఉండాల్సిన చోట గోడంతా నీళ్ళలో ఉన్నట్టు అలలుగా కదిలింది. ఏది అతుకో, ఏది నా కన్నో తెలియలేదు. బాగున్న చోట బాగుచేశాను, చెడింది. చెడిందని ఇంకోచోట చేశాను. సాయంత్రానికి గోడ నిండా పెచ్చులే మిగిలాయి.

జల్లెడకి మెసేజ్ పెట్టాను: అతుకులు ఎక్కడెక్కడున్నాయో రాసి పంపు, గాల్లో మాట్లాడకు.

మంచి విషయం: బల్ల మీద టీ ఉంది. ఎవరు పెట్టారో. ఇంకా వేడిగా ఉంది.

జూన్ 20, శుక్రవారం

జల్లెడ పంపిన చీటీలో మొదటి మూడూ ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు.

"చెక్క: తెర నిండా పరిచి చూస్తే కుడివైపు కింద, అంచుకి కొంచెం పైన గీత తెగింది. గోడ: పైన మధ్యలో మొదలై కిందికి అతుకు తెలుస్తోంది, రెండు చోట్ల. ఇసుక: అతుకు లేదు కానీ ఎడమవైపు ఒక నల్లరేణువు ఉంది, అదే మళ్ళీ మళ్ళీ వచ్చి వరసగా బొట్లు పెట్టినట్టుంది."

చదివాను. ఎక్కడో చదివినట్టనిపించింది. ఈ డైరీ వెనక్కి తిప్పాను.

అయిదో తారీఖు: కుడివైపు కింద, అంచుకి రెండు వేళ్ళ ఎత్తున. పదకొండు: ఒకటి పైన సరిగ్గా మధ్యలో, ఇంకోటి తిన్నగా దాని కింద. పదమూడు: ఎడమవైపు ఒక సున్నా.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. నేను ఊరంతా వెతకడం కాదు, పిల్లని తువ్వాలుతో తుడిచి పారేశాను.

మధ్యాహ్నం పడుకోలేదు. పడుకున్నట్టు నటించాను. తెర మీద రాయి టెక్స్చరు పరిచి ఉంది. మిషను ఆగింది. అత్తయ్య లేచి చేతులు తుడుచుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ్నుంచి కళ్ళు సగం మూసి తెర వంక చూసింది. తల ఒకసారి ఇటు వంచి, ఒకసారి అటు వంచి చూసింది. తర్వాత పిల్లిలా వచ్చి, కొంగు ముడిలోంచి బట్టల మీద గుర్తులు పెట్టుకునే బిళ్ళసుద్ద తీసి, రాయి మీద ఒక్క గీత పెట్టింది. నా దుప్పటి జారి ఉంటే సర్దింది. వెళ్ళి కూర్చుంది. కానీ మిషను తొక్కలేదు, మూడున్నర దాకా.

అందుకా నాకు అంత నిద్ర పట్టేది.

జూన్ 21, శనివారం

పొద్దున ఆయన్ని అడిగాను. సీసాలకి దారాలు కట్టింది మీరేనా? "ఏ సీసాలు?" అన్నారు. కిటికీ తెర? "అమ్మ కుట్టింది కదా. నీకు చెప్పలేదూ?"

"మరి థాంక్సంటే ఆఁ ఆఁ అన్నారెందుకు?"

"నువ్వు థాంక్స్ చెప్పడమే అరుదు. ఎందుకని అడిగితే వెనక్కి తీసుకుంటావేమోనని."

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. సుద్దగీతల సంగతి చెప్పాను. ఆయన అప్పుడు నిజంగా నవ్వారు. "మా అమ్మ షాపులో అంతే. పనివాళ్ళని నలుగురిలో ఒక్కమాట అనేది కాదు. తప్పున్నచోట గీత పెట్టి, ఆ బట్ట మడిచి వాళ్ళ బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయేది. విప్పి మళ్ళీ కుట్టుకోవాలి. గీత లేదంటే బాగున్నట్టు. అంతే. బాగుంది అని నోటితో అనడం మాత్రం నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు."

నలుగురిలో అనదు. మార్చిలో నన్ను మాత్రం అంది. మేడమ్ తెరలో ఉన్నారని ఆవిడకి తెలియదు. ఆవిడకి అది బొమ్మ. గదిలో ఉన్నది మేమిద్దరమే అనుకుంది. ఈ ముక్క నాకు మూడు నెలలకి తట్టింది.

గళ్ళు: రాయను. రేపు రాస్తాను.

జూన్ 22, ఆదివారం

ఆయన బజారుకి వెళ్ళారు. నేను ఆవిడ మిషను పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. ఆవిడ కాజాలు కుడుతోంది.

"అత్తయ్యా, ఆ గీతలు మీరేనా?"

"మరెవరనుకున్నావు, దయ్యమా?"

"నోటితో చెప్పొచ్చుగా."

"తెలీనిదాంట్లో వేలు పెట్టొద్దన్నావు. వేలు పెట్టలేదు కదమ్మా, సుద్ద పెట్టాను."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి ముక్కులోంచి ఏదో వింత చప్పుడొచ్చింది. "నేను తుడిచేస్తుంటే మళ్ళీ మళ్ళీ ఎందుకు పెట్టారు?"

"షాపులో కొత్తవాళ్ళూ తుడిచేసేవాళ్ళు. మూడోసారికి దారికొచ్చేవాళ్ళు. నువ్వు మొండిఘటానివి, నాలుగోసారి దాకా లాగావు."

అప్పుడు చెప్పేశాను. మార్చిలో అన్నమాటకి తప్పయిపోయిందన్నాను. కాగితం మీద గీతలు తిన్నగా లేవని, ఒక్కరోజు కూడా తిన్నగా లేవని, ఇరవై రోజులుగా అబద్ధం రాస్తున్నానని, ఎవరూ చదవని పుస్తకంలో నాకు నేనే అబద్ధం చెప్పుకుంటున్నానని. ఈ పని తప్ప నాకు ఇంకో పని రాదని, కన్ను పోతే నేను దేనికీ పనికిరానని, భయంగా ఉందని. భయంగా ఉంది అన్న మాట పైకి అనడం ఇదే మొదటిసారి.

ఆవిడ సూది పక్కన పెట్టింది. "నాకు తెలుసు."

"ఎలా?"

"నేనొచ్చిన రోజు సూదిలో దారం ఎక్కించమన్నాను, గుర్తుందా? రంధ్రం పక్కన పొడిచావు, మూడుసార్లు. నాలుగోసారికి కోపమొచ్చి లైటు బాలేదన్నావు. రెండ్రోజులకి నీ పనిలో అతుకు కనపడింది. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లకి పనితనం లేక కాదు, కన్ను ఏదో తేడా చేస్తోందని. చెప్దామనే వచ్చాను. వెనకాలే నిలబడ్డాను కూడా."

"నేనే నోరు మూయించాను."

"నోరు మూయిస్తే ఏం, చేతులున్నాయిగా" అని మళ్ళీ సూది తీసుకుంది.

గళ్ళు: చుక్కకి ఎడమ పక్క నిలువుగీతలు మూడు లోపలికి వంగాయి. అడ్డగీత ఒకటి మధ్యలో చెరిగిపోయింది. మొదటి రోజు నుంచీ ఇంతే.

మంచి విషయం: ఇన్నాళ్ళూ ఆయన పేర రాసినవన్నీ కొట్టేసి అత్తయ్య పేర రాసుకోవాలి. నిద్రతో సహా.

జూన్ 23, సోమవారం

డాక్టరుగారికి ఫోన్ చేసి నిజం చెప్పాను. తిట్టారు. తిట్టడం కూడా మర్యాదగా "అమ్మా" అంటూనే తిట్టారు. గురువారమే రమ్మన్నారు.

తర్వాత పెద్దమేడమ్. కంటి సంగతి చెప్పాను. "మొదట్లోనే చెప్పి ఉంటే వేరే ఏర్పాటు చూసేదాన్ని కదండీ" అన్నారు. నిజమే. ముప్పైకల్లా ఇరవై నాలుగూ ఇస్తాను, చూసి సరిచేసేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు అన్నాను. ఎవరని అడిగారు. మా అత్తయ్య, కుట్టుషాపు అన్నాను. "ఆరోజు కాల్‌లో అతుకు కనపడుతోందన్నది ఆవిడేనా?"

"ఆవిడేనండీ."

"ఆరోజు నాకూ కనపడింది. మీ ముఖం చూసి ఊరుకున్నాను" అన్నారు. "తారీఖు మారదు. ఎవరి కంటితో చూస్తారో మీ ఇష్టం. అతుకు మాత్రం నా కంట పడకూడదు. పడిందంటే మాత్రం ఏమీ చెయ్యలేను."

మంచి విషయం: ఫోన్ పెట్టేశాక అత్తయ్య "ఏమన్నారు?" అని అడిగింది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆవిడ తనంతట తానుగా నన్నొక ప్రశ్న అడిగింది.

జూన్ 25, బుధవారం

పని తెమిలిపోతోంది. నేను చేస్తాను, ఆవిడ గుమ్మంలోంచి చూస్తుంది, గీత పెడుతుంది, నేను ఆ గీత దగ్గర విప్పి మళ్ళీ కుడతాను. కుడతాను అని రాసేశాను చూడు.

నోటితో చెప్పండి అత్తయ్యా, పక్కనే ఉన్నానుగా అంటే వినదు. సుద్ద పెట్టాల్సిందే. తెరకి మొహం కడగలేక చస్తున్నాను. కాగితం టెక్స్చరు దగ్గర పోట్లాడుకున్నాం కూడా. ఆ మరక కావాలనే పెట్టాను అన్నాను. "కావాలని పెట్టావు సరే, అది ప్రతి ముక్కలోనూ వచ్చి నేనున్నాను నేనున్నాను అంటోంది. పెళ్ళిలో తప్పతాగి పాడేవాడిలాగ" అంది. తీసేశాను. కాగితం హాయిగా ఊపిరి పీల్చుకుంది.

పద్దెనిమిది అయ్యాయి. జల్లెడ ఒక్కటీ వెనక్కి పంపలేదు.

గళ్ళు: మూడు గీతలు వంకర. అడ్డగీత కొంచెం తేలింది.

జూన్ 26, గురువారం

వాపు తగ్గుముఖం పట్టిందట. మిగతా రెండు సూదులూ వేశాక ఇంకా తగ్గుతుందట. "కానీ వంకర కొంత మిగిలిపోవచ్చు. అలవాటు పడాలమ్మా" అన్నారు.

బయట బెంచీ మీద అత్తయ్య కూర్చుని ఉంది. చెప్పాను. "నాకు కుడిచేతి బొటనవేలు పదేళ్ళుగా వంగదు. నీకు తెలుసా?" అంది.

తెలియదు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుంటూ కూడా తెలియదు.

జూన్ 28, శనివారం

ఇరవై మూడు వెళ్ళిపోయాయి. మిగిలింది గళ్ళ గుడ్డ. కావాలనే చివరికి పెట్టాను, పిరికితనంతో. గోడకి ఒక పెచ్చు ఎక్కువైనా చెల్లుతుంది, గళ్ళకి చెల్లదు. ఒక్క దారం తప్పినా తెరంతా మెట్లు మెట్లుగా అయిపోతుంది. నా కంటికేమో గళ్ళన్నీ వంకరే.

రెండుసార్లు చేశాను. రెండుసార్లూ గీత. రెండోసారి మౌసు విసిరికొట్టి, నా వల్ల కాదన్నాను.

అత్తయ్య లోపలికి వెళ్ళి ఒక పాత చొక్కా తెచ్చింది. మామయ్యగారిది, నీలం గళ్ళది. "జేబు ఎక్కడుందో చెప్పు" అంది. దగ్గరగా చూస్తే కానీ కనపడలేదు. జేబు మీది గళ్ళు చొక్కా గళ్ళతో అతికినట్టు కలిసిపోయాయి. "ఇది కుట్టినప్పుడు నాకు కళ్ళకలక. కళ్ళు తెరిస్తే నీళ్ళు. మర్నాడు ఆయన వేసుకోవాలి. ఏం చేశాననుకున్నావు?"

"ఏం చేశారు?"

"దారాలు లెక్కపెట్టాను. కన్ను అబద్ధం చెప్తోందని తెలిశాక దాన్ని అడగడమెందుకు? నీలం పన్నెండు, తెలుపు ఎనిమిది, మళ్ళీ నీలం పన్నెండు. వేలితో లెక్కపెట్టుకుంటూ పోయాను. లెక్కకి కళ్ళజబ్బు రాదమ్మాయ్."

రేపు మొదట్నుంచి చేస్తాను. చూసి కాదు.

జూన్ 29, ఆదివారం

రోజంతా లెక్కే. ఆ చొక్కానే స్కాన్ చేశాను. తెర మీద ఒక్కో దారాన్నీ పెద్దది చేసుకుని చుక్కలు లెక్కపెట్టాను. ఆయన వచ్చి ఏదో అడిగితే "నలభై ఎనిమిది" అన్నాను. మారుమాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఆయనే వంట చేశారు. ఉప్పు మర్చిపోయారు. ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం, అత్తయ్య కూడా.

జూన్ 30, సోమవారం

గళ్ళు: మూడు గీతలు వంకర. నిన్నటిలాగే.

రెండింటికి గళ్ళ గుడ్డని తెర నిండా పరిచి పడుకున్నాను. బాగుందో లేదో నాకు తెలియదు. లెక్క సరిపోయిందని మాత్రం తెలుసు. నాలుగింటికి పంపాలి. మళ్ళీ గీత ఉంటే సరిచేసే సమయం లేదు.

మూడున్నరకి లేచాను. తెర మీద ఏమీ లేదు.

లైటు వేసి చూశాను. కన్ను మోసం చేస్తోందేమోనని తెర అద్దమంతా వేళ్ళతో తడిమి చూసుకున్నాను. వేళ్ళకి ఏమీ అంటలేదు. ఆవిడ చూడటం మర్చిపోయిందనుకున్నాను. వంటింట్లోకి పరిగెత్తాను. టీ వడగడుతోంది.

"అత్తయ్యా, ఇవాళ చూడలేదా?"

"చూశాను."

"చూస్తే మరి?"

"మరేముంది. గుమ్మంలోంచి చూశాను, కిటికీ దగ్గర్నుంచి చూశాను, ముక్కు ఆనించి కూడా చూశాను."

"గీత లేదేమిటి?"

ఆవిడ నా వైపు తిరగలేదు. ఎడమచెయ్యి మాత్రం వెనక్కి చాపి తెరిచింది. బిళ్ళసుద్ద చేతిలోనే ముక్కలైపోయి ఉంది. అరచెయ్యంతా తెల్లగా ఉంది. "పట్టుకుని గంట సేపు నిలబడ్డాను. పెట్టడానికి చోటు దొరకలేదమ్మాయ్" అంది.

ఆ చెయ్యి పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాను. టీ చల్లారిపోతోందని కసిరింది. కసరనీ.

నాలుగింటికి పది నిమిషాలుందనగా పంపించాను. అయిదున్నరకి జల్లెడ: "అక్కా, ఇరవై నాలుగూ దిగాయి. ఆ గళ్ళ గుడ్డలో ముక్క ఎక్కడ మొదలైందో నాకే దొరకలేదు." ఆరింటికి మేడమ్: "జూలై జాబితా రేపు పంపుతాను. ఆవిడ్ని కూడా సిద్ధంగా ఉండమనండి."

అత్తయ్యకి చదివి వినిపించాను. "కొత్త సుద్ద కొనాలి" అంది.

మంచి విషయం: ఇవాళ తెర తుడవాల్సిన పని పడలేదు.